చెన్నైలో స్మార్ట్‌ఫోన్ లేకుండా: *99#, కీప్యాడ్ ఫోన్, సింగార చెన్నై కార్డు రివ్యూ

మా నాన్నకి చేతులు వణుకుతాయి. టచ్ స్క్రీన్ మీద ఒకటి నొక్కబోతే ఇంకోటి ఓపెన్ అవుతుంది, అందుకే ఆయనకి బటన్ల ఫోనే కావాలి, వేలికి నొక్కినట్టు తెలియాలి కదా. విల్లివాక్కంలో మాతోనే ఉంటారు. మందులు, బస్సు, నెల్లూరు రైలు, ఇవన్నీ ఆ ఫోన్‌తో ఎంతవరకు నడుస్తాయో రాస్తున్నా, ఇంట్లో పెద్దవాళ్ళున్న వాళ్ళకి పనికొస్తుంది.

ముందు డబ్బు సంగతి. ఏ ఫోన్ నుంచైనా బ్యాంకు డబ్బు పంపుకునే *99# గురించి చాలామందికి తెలీదు, నా దృష్టిలో మాత్రం చాలా మంచి సర్వీసు. నెట్ అక్కర్లేదు, డయల్ చేస్తే మెనూ వస్తుంది, 1 కొడితే డబ్బు పంపడం, 3 కొడితే బ్యాలెన్స్. మొదటిసారి మాత్రం బ్యాంకులో లింకైన నంబరు నుంచే చేసి, డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, ఎక్స్‌పైరీ డేట్ ఇచ్చి యూపీఐ పిన్ పెట్టుకోవాలి, ఇంతకుముందే ఆ అకౌంటుకి పిన్ ఉంటే అదే పనిచేస్తుంది. ఒకసారికి 5,000 దాకా పంపొచ్చు. దీని మీద చార్జీ కూడా 2022లో ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) తీసేసింది.

చిక్కు ఎక్కడంటే క్యూఆర్ స్కాన్ కుదరదు, షాపువాళ్ళ యూపీఐ నంబరో ఐడీనో అడిగి కొట్టాలి. మా వీధి మందుల షాపాయన మంచివాడు, నంబరు అట్టముక్క మీద పెద్దగా రాసిచ్చాడు, నాన్న దాన్ని పర్సులో పెట్టుకున్నారు. రద్దీగా ఉండే కొట్లో మాత్రం వెనక జనం నిలబడి ఉంటే ఇది పెద్దాయనకి కష్టమే. పైగా మెనూ కొన్ని సెకన్లే ఆగుతుంది, మెల్లగా కొట్టేవాళ్ళకి మధ్యలో కట్ అయిపోయి మళ్ళీ మొదటికొస్తుంది. ఎవరికోసం ఈ సర్వీసు ఉందో వాళ్ళ వేగానికి తగ్గట్టు ఆ టైం పెంచాలి, ఇది నేను గట్టిగానే చెప్తున్నా. పిన్ కొట్టేప్పుడు అంకెలు స్క్రీన్ మీద కనిపిస్తాయి, చెయ్యి అడ్డం పెట్టుకోమని ముందే చెప్పండి.

2022 మార్చిలో ఆర్‌బీఐ తెచ్చిన యూపీఐ 123పే ఇంకో దారి, కాల్ చేసి వాయిస్ చెప్పినట్టు నొక్కుతూ పోవడం, లిమిట్ 10,000. నోకియా 110 4జీ లాంటి కీప్యాడ్ ఫోన్లలో కెమెరాతో స్కాన్ చేసి కట్టే యూపీఐ యాప్ కూడా వస్తుంది, కొత్తగా కొనేవాళ్ళయితే అలాంటిదే చూడండి.

ప్రయాణానికి సింగార చెన్నై కార్డు (ముందే డబ్బు వేసుకుని వాడే ట్రావెల్ కార్డు) సూపర్, ఇందులో వంక పెట్టడానికేం లేదు. 2023లో మెట్రోకి వచ్చింది, 2025 జనవరి నుంచి ఎంటీసీ, అంటే చెన్నై సిటీ బస్సుల్లో కూడా తీసుకుంటున్నారు. కార్డు ఆనిస్తే టికెట్, చిల్లర గొడవ లేదు. అరవై దాటిన చెన్నైవాళ్ళకి ఎంటీసీ నెలకి 10 ఫ్రీ టోకెన్లు కూడా ఇస్తుంది, అవి చేతికిచ్చే టోకెన్లే, ఏ యాప్ వద్దు. నెల్లూరు రైలుకి నేను ల్యాప్‌టాప్‌లో ఐఆర్‌సీటీసీ సైట్‌లో బుక్ చేస్తా, ఓటీపీ నాన్న ఫోన్‌కొస్తుంది, రైల్లో ఆ ఎస్ఎంఎస్, ఆధార్ కార్డు చూపిస్తే సరిపోతుంది.

ఇక్కడిదాకా హాయిగా ఉంది కానీ వాట్సాప్ దగ్గరకొచ్చేసరికి కథ మారిపోతుంది. కైఓఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్న కీప్యాడ్ ఫోన్లలో వాట్సాప్ ఉండేది, 2024లో కొత్తగా డౌన్‌లోడ్ చేసుకోవడం ఆపేశారు. ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ వెబ్ ఉంది కదా అంటారు, దానిక్కూడా మొదట ఒక స్మార్ట్‌ఫోన్‌లో అకౌంట్ ఉండాలి, ఆ ఫోన్ 14 రోజులు వాడకపోతే లింకైనవన్నీ లాగౌట్ అయిపోతాయి. అందుకే మా పాత ఫోన్ ఒకటి ఇంట్లో వైఫై మీద పెట్టి, దాంట్లో నాన్న నంబరుతో అకౌంట్ తెరిచి, పెద్ద స్క్రీన్ మీద ల్యాప్‌టాప్‌లో చూపిస్తాం. నెల్లూరు నుంచి అత్తయ్య పంపే ఫోటోలు అలాగే చూస్తారు. ఒక ల్యాబ్‌లో అయితే రక్త పరీక్ష రిపోర్టు వాట్సాప్‌లోనే ఇస్తాం, ప్రింట్ ఇవ్వం అన్నారు, డబ్బు కట్టిన పెద్దమనిషిని అలా నిలబెట్టి మాట్లాడటం నాకు అస్సలు నచ్చలేదు, కాగితం ఇచ్చేదాకా మేం కదల్లేదు.

ఇంకో లాభం చెప్పాలి. ట్రాఫిక్ చలాన్ పేరుతో ఏపీకే ఫైల్ (ఆండ్రాయిడ్ యాప్ ఫైల్) పంపి అకౌంట్ ఖాళీ చేసే మోసాలున్నాయి చూడండి, ఈ ఫోన్‌లో అది ఇన్‌స్టాలే కాదు. ఫోన్ చేసి బెదిరించేవాళ్ళు మాత్రం దీనికీ చేస్తారు, పిన్, ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దని మేం నాన్నకి గుర్తు చేస్తూనే ఉంటాం.

సింగార కార్డుకి 5కి 5. *99#కి 4, మెనూ ఆగే టైం పెంచితే 5 ఇస్తా. మీ ఇంట్లో పెట్టాలనుకుంటే ముందు బ్యాంకులో నంబరు లింకుందో లేదో చూసుకోండి, తర్వాత మీరు పక్కనే కూర్చుని పది రూపాయలు పంపించి చూపించండి.