షియావోగాంగ్ నుంచి షెన్‌జెన్‌కు: సర్కారు నేల, జనం కౌలు

చైనా ఆర్థిక సంస్కరణలు మొలకెత్తిన పల్లె షియావోగాంగ్‌నూ, అవి విరగకాసిన నగరం షెన్‌జెన్‌నూ ఒకే ప్రయాణంలో చూడాలని ఎనిమిది రోజులు పెట్టుకుని శీతకాలం మొదట్లో బయలుదేరాను. ‘సామ్యవాద మార్కెట్ ఆర్థిక వ్యవస్థ’ అనే మాటను 1992 అక్టోబరులో పద్నాలుగో పార్టీ మహాసభ అధికారికంగా స్వీకరించింది. అందులో సామ్యవాదం ఎంత, మార్కెట్ ఎంత అన్నది పొలం గట్ల మీద తేలుతుందని నాకు ముందునుంచీ అనుమానం.

షాంఘై నుంచి బెంగ్బు సౌత్ స్టేషన్‌కు హైస్పీడ్ రైల్లో సుమారు రెండు గంటలు పట్టింది. కాగితం టికెట్టు లేదు, పాస్‌పోర్టు చూపిస్తే చాలు. రైలు సేవకు వంక పెట్టలేను, బసకే పెట్టాలి. ముందుగా డబ్బు కట్టిన చిన్న హోటల్లో, విదేశీయుల వివరాలు పోలీసులకు నమోదు చేయడం తమకు రాదని రాత్రి తొమ్మిదింటికి చెప్పారు. వేరే చోట దాదాపు రెట్టింపు అద్దెకు గది దొరికింది. ఈ ప్రాంతానికి వచ్చేవారు పాస్‌పోర్టు తీసుకుంటారో లేదో ఫోన్లో అడిగి తేల్చుకున్నాకే గది కట్టుకోవడం మంచిది.

మర్నాడు కారు మాట్లాడుకుని ఫెంగ్‌యాంగ్ జిల్లాలోని షియావోగాంగ్ చేరాను. 1978 నవంబరు చివర్లో ఒక రాత్రి ఈ ఊరి పద్దెనిమిది మంది రైతులు ఊరంతా కలిసి సాగుచేసే సమష్టి పొలాన్ని ఇంటింటికీ పంచుకుంటామని రహస్యంగా రాసుకుని, ఎర్ర సిరాతో వేలిముద్రలు వేశారు. సర్కారుకూ సమష్టికీ కట్టవలసిన ధాన్యం కట్టేయాలి, మిగిలింది ఎవరిది వారిదే. ఇందుకు ఊరి నాయకులు జైలుపాలైతే, వారి పిల్లలను పద్దెనిమిదేళ్లు నిండేదాకా మిగతావారే పెంచాలి. మన కౌలు రైతుకు ఈ లెక్క విడమరిచి చెప్పనక్కరలేదు: నేల చేతికి వచ్చింది కానీ సొంతం కాలేదు. ఆ తర్వాత ఈ కౌలు గడువును 1984లో పదిహేనేళ్లుగా, 1993 నుంచి మరో ముప్పై ఏళ్లుగా ప్రభుత్వం పొడిగించిందే తప్ప యాజమాన్యం నేటికీ గ్రామ సమష్టిదే.

ఆ ఒప్పందం అసలు ప్రతి బీజింగ్ జాతీయ మ్యూజియంలో ఉంది. ఇక్కడి స్మారక మందిరంలో కనబడేది నకలు. మందిరం విశాలంగా, శుభ్రంగా ఉంది కానీ కథను మరీ నున్నగా చెబుతుంది. ఈ ఊరున్న అన్హుయి రాష్ట్రానికి అప్పటి పార్టీ కార్యదర్శి వాన్ లీ చూసీచూడనట్లు ఊరుకోకపోతే ఆ వేలిముద్రలు కోర్టు సాక్ష్యాలయ్యేవన్న సంగతి నాకు అక్కడి బొమ్మలన్నిటికంటే ముఖ్యంగా తోచింది. మళ్లీ కట్టి నిలిపిన మట్టి గుడిసెల దగ్గర మాత్రం అరగంట నిలబడవచ్చు. శాకాహారులకు అక్కడి భోజనశాలల్లో అన్నం, టోఫు, ఆకుకూర తప్ప వేరే దారి లేదు. ఆ ఆకుకూరలోనూ పంది కొవ్వు ఉందో లేదో అడగాలి. ఊరికి ఒక పూట చాలు.

షెన్‌జెన్‌కు నాలుగు రోజులిచ్చాను, అయినా చాలలేదు. 1980 ఆగస్టులో ప్రత్యేక ఆర్థిక మండలమైన ఈ ఊరి జనాభా 2020 జనగణన నాటికి కోటీ డెబ్బై అయిదు లక్షలు దాటింది. లియన్‌హువాషాన్ కొండ మీద, ఈ సంస్కరణలను నడిపించిన నాయకుడు డెంగ్ జియావోపింగ్ విగ్రహం దగ్గర ఫొటోల రద్దీ తప్ప విశేషమేమీ లేదు. నగర మ్యూజియంలో 1987 డిసెంబరు 1 నాటి భూమి వేలానికి సంబంధించిన భాగాన్ని మాత్రం వదలకూడదు. ఆ రోజు 8,588 చదరపు మీటర్ల స్థలంపై యాభై ఏళ్ల వాడుక హక్కు 52.5 లక్షల యువాన్లకు పోయింది. భూమిని కౌలుకివ్వడం అప్పటి రాజ్యాంగానికే విరుద్ధం. దానికి తగ్గట్టు రాజ్యాంగాన్ని సవరించింది మరుసటి ఏడాది ఏప్రిల్‌లో. షియావోగాంగ్‌లో రాత్రి చాటుగా జరిగిన పని ఇక్కడ పట్టపగలు సుత్తి కొట్టి జరిగింది. హక్కు చేతులు మారింది, నేల రాజ్యానిదిగానే ఉండిపోయింది. నేటికీ ఇంటి స్థలానికి డెబ్బై ఏళ్లు, దుకాణానికి నలభై ఏళ్లు గడువు.

బస హాంకాంగ్‌కు దాటే ఫుటియన్ సరిహద్దుకు దగ్గరున్న షుయ్‌వెయ్‌లో, నగరం మింగిన పాత పల్లెలో. ఇలాంటి పల్లెల పొలాలను ప్రభుత్వం తీసుకుని ఇళ్ల జాగాలను రైతులకు వదిలేసింది. వారు వాటి మీద అంతస్తు పైన అంతస్తు లేపి వలస కూలీలకు అద్దెకిచ్చారు. కిటికీలోంచి ఎదుటి మేడవారి చేయి అందుకోవచ్చు గనుక వాటికి ‘కరచాలనపు మేడలు’ అని పేరు. గదిలో ఎండ పడదు, అర్ధరాత్రి దాకా కింద వంటపెనాల చప్పుడు. అయినా అద్దె పెద్ద హోటళ్లలో మూడో వంతు, పాస్‌పోర్టు నమోదు అయిదు నిమిషాల్లో ముగిసింది, మెట్రో నడక దూరం. నేనైతే మళ్లీ అక్కడే దిగుతాను.

యజమాని పెద్దాయన ఫోన్ అనువాదం సాయంతో, ఈ మేడ కింది నేల ఒకప్పుడు తమ తాతల పొలమని, మేడ తనదే కానీ నేల తనది కాదని చెప్పారు. మీ దేశంలో పొలం రైతు పేరునే ఉంటుందా అని అడిగారు. ఉంటుందనీ, దానికి పట్టాదారు పాసుపుస్తకం ఇస్తారనీ చెప్పాను. ఫోన్ దాన్ని బ్యాంకు పాసుపుస్తకంగా మార్చినట్టుంది. ఆయన ఎంతో శ్రద్ధగా, అందులో వడ్డీ ఎంత ఇస్తారని అడిగారు.