నాలుగేళ్లు నడిపాక: స్టీరింగ్ మనవైపు రాకపోతే ఎంత ఇబ్బందో

మైలేజీ, బూట్ స్పేస్ గురించి చాలామంది రాసేశారు, నేను వాటి జోలికి వెళ్లను. నా బాధంతా ఒక్కటే, ఈ కారులో స్టీరింగ్ పైకీ కిందికీ కదులుతుంది గానీ మనవైపు రాదు. కొనేటప్పుడు అది పట్టించుకోనే లేదు. సీటు ఎత్తు పెంచుకునే లివర్ చూసి మురిసిపోయి, ఎవరడిగినా దాన్నే పొగిడాను.

నాకు కాళ్లు పొడవు. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగి ఉండాలని సీటు వెనక్కి జరుపుకుంటే స్టీరింగ్ కోసం చేతులు బారగా చాచాల్సిందే. మూడేళ్లు అలాగే నడిపాను, గంట దాటితే మెడ నుంచి భుజం దాకా ఒకటే సలుపు. ఒకరోజు మలుపులో సైకిల్ అడ్డొచ్చింది. స్టీరింగ్ గబుక్కున తిప్పబోతే వీపు సీటు మీంచి లేచిపోయింది, చేతిలో ఇంక వంపే లేదు, పట్టు ఎక్కడ దొరుకుతుంది? బ్రేక్ వేశాను కాబట్టి సైకిలతనికి ఏమీ కాలేదు గానీ ఇంటికొచ్చేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

మర్నాడు బండి నిలబెట్టి అంతా మొదటి నుంచి సరిచేసుకున్నాను. వీపు పూర్తిగా ఆనించి చెయ్యి చాస్తే మణికట్టు స్టీరింగ్ పై అంచు మీద ఆనాలి, నాకు వేళ్లే తగిలాయి! సీటు రెండు క్లిక్కులు ముందుకు జరిపి, వీపు భాగాన్ని నిటారుగా చేసి, ఆ లివర్‌తో సీటు లేపాను. అప్పుడు తెలిసింది, సీటు ఎత్తయితే కాళ్లు కిందికి దిగుతాయి, అందుకని ముందుకు జరిగినా మోకాళ్లు మరీ ముడుచుకోవు. మణికట్టు చక్కగా ఆనింది. ఎయిర్‌బ్యాగ్ ఉంది కదా, ఛాతీకీ స్టీరింగ్‌కీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి, టేపు పెట్టి చూస్తే 30 వచ్చింది. అద్దాలు మళ్లీ సర్దుకున్నాను, సీటు కదిలిస్తే అవి ఎలాగూ మారతాయి. వారంలో భుజం సలుపు చాలావరకు పోయింది.

అలాగని ఆ లివర్‌ని మునుపటిలా పొగడలేను. అది సీటు వెనక భాగాన్నే ఎక్కువ లేపుతుంది, తొడల ముందు వైపు ఆనిక తగ్గి దూర ప్రయాణాల్లో కాళ్లు లాగుతాయి. మా ఆవిడ నాకంటే బాగా పొట్టి, తనకి ఇదే కారులో చేతులూ కాళ్లూ రెండూ ఇట్టే కుదిరాయి, నా గోల తనకి అర్థమే కాదు. కాళ్లు పొడవున్నవాళ్లు మాత్రం షోరూమ్‌లో ఆ మణికట్టు సంగతి చూసుకోకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. ఈసారి నేను కొనేదానికి స్టీరింగ్ ముందుకూ వెనక్కూ జరగాల్సిందే, మిగతావి ఎలా ఉన్నా సర్దుకుంటాను.