విటమిన్ సి సీరమ్: సరుకు మంచిదే, తంటా అంతా సీసాతోనే

15 శాతం ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్ (అంటే విటమిన్ సినే), విటమిన్ ఇ, ఫెరులిక్ యాసిడ్ ఉన్న సీరమ్ ఇది. ఫార్ములాకి వంక పెట్టలేం. ఎండ తగిలినప్పుడు చర్మంలో పుట్టి కణాల్ని పాడుచేసే ఫ్రీ రాడికల్స్‌ని ఈ యాంటీఆక్సిడెంట్లు అడ్డుకుంటాయి, పైగా చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీన్ తయారవ్వాలంటే విటమిన్ సి ఉండి తీరాలి. సి, ఇ లకు ఫెరులిక్ యాసిడ్ తోడైతే ఎండ నుంచి రక్షణ రెట్టింపవుతుందని 2005లో ఒక పరిశోధన వచ్చింది (పంది చర్మం మీద చేశారు లెండి, అయినా కొట్టిపారేసేది కాదు). ఇక 30 శాతం అంటూ ఊదరగొట్టే సీరమ్‌ల జోలికి పోకండి, 20 దాటాక చర్మం అంతకన్నా ఎక్కువ పీల్చుకోదు, మంట మాత్రం మిగులుతుంది.

పొద్దున్నే మొహం కడుక్కుని, తడి ఆరాక నాలుగు చుక్కలు రాసుకుంటే కాసేపు చురుక్కుమంటుంది. పీహెచ్ (ఎంత తక్కువుంటే అంత ఆమ్లగుణం) 3.5 లోపు ఉంటేనే ఇది లోపలికి దిగుతుంది కాబట్టి ఆ మాత్రం చురుకు మామూలే. కొంచెం జిడ్డుగా ఉంటుంది, వాసన కూడా అదోలా ఉంటుంది. మొటిమల మచ్చలు బాగానే తగ్గాయి, ముడతల్లో మాత్రం నాకు తేడా ఏం కనబడలేదు. పైన సన్‌స్క్రీన్ రాయకపోతే దండగ.

అసలు గొడవ సీసాతో. ముదురు రంగు గాజే పెట్టారు, బాగుంది, కానీ డ్రాపర్ మూత ఎందుకు? తీసిన ప్రతిసారీ గాలి లోపలికి పోతుంది, గాలి తగిలితే విటమిన్ సి పాడవుతుంది. మొదట్లో లేత గడ్డి రంగులో ఉన్న సీరమ్ పోను పోను టీ డికాషన్‌లా అయింది, మూత బిగించే చోట గోధుమరంగు పెచ్చు కట్టింది. ఫ్రిజ్‌లో పెట్టినా అడుగున మిగిలింది పారబోయక తప్పలేదు. కస్టమర్ కేర్‌ని అడిగితే "రంగు మారడం సహజం మేడమ్" అన్నారు. సహజమే, అయితే గాలి చొరబడని పంపు పెట్టొచ్చుగా, లేదా చిన్న సీసాలో అమ్మొచ్చుగా!

దీంతోపాటు ఒంటికంతటికీ మంచిదంటూ యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్స్ డబ్బా ఒకటి ఫ్రీగా ఇచ్చారు. పళ్లు, కూరగాయలు సరిగ్గా తినేవాళ్లకి దాంతో పనిలేదు. అలాగని హాని లేదులే అని మింగేసేవీ కావు. ఫిన్లాండ్‌లో సిగరెట్ తాగే మగవాళ్లకి బీటా కెరోటిన్ (ఇదీ ఒక యాంటీఆక్సిడెంటే) మాత్రలిచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగిందని 1994లోనే తేలింది. ఇంట్లో పొగతాగేవాళ్లుంటే ఆ డబ్బా వాళ్ల చేతికివ్వకండి.