330ఐ చాన్నాళ్లు వాడాక: నేను పొగిడేది ఇంజిన్‌ని కాదు, గేర్‌బాక్స్‌ని

ముందే చెప్పేస్తున్నా, ఇది బండి మొత్తం రివ్యూ కాదు. స్క్రీన్ ఎంత పెద్దది, 258 హెచ్‌పీ, 400 ఎన్ఎం, 0 నుంచి 100కి 5.8 సెకన్లు, ఇవన్నీ ఏ వీడియో పెట్టినా మొదటి రెండు నిమిషాల్లో వచ్చేస్తాయి. నా దగ్గరున్నది 2019లో మన దగ్గర లాంచ్ అయిన జీ20 మోడల్ బీఎండబ్ల్యూ 330ఐ, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. సిటీలో నేనూ మా ఆవిడా ఇద్దరం నడుపుతాం, గుంటూరు రాకపోకలు కూడా దీని మీదే. ఇన్నాళ్లకి ఎవరైనా "బండి ఎలా ఉందండీ" అంటే నా నోట్లోంచి ముందు వచ్చే మాట గేర్‌బాక్స్. వాళ్లేమో స్పీడ్ గురించో సౌండ్ గురించో చెప్తాననుకుంటారు, నేను గచ్చిబౌలి ట్రాఫిక్‌లో బండి ఎంత మెత్తగా కదుల్తుందో మొదలుపెడతా, అప్పుడు వాళ్ల మొహాలు చూడాలి.

దీనికో కారణం ఉంది. ఇంతకుముందు చాలా ఏళ్లు ఒక డీసీటీ (డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్) సెడాన్ నడిపా, కంపెనీ పేరు ఎందుకులెండి. రెండు క్లచ్‌లు, ఒకటి బేసి గేర్లకి ఒకటి సరి గేర్లకి, ఒక గేర్‌లో ఉండగానే తర్వాతది రెడీ చేసి పెట్టుకుంటుంది కాబట్టి ఖాళీ రోడ్డు మీద గేర్ ఎప్పుడు మారిందో కూడా తెలిసేది కాదు, ఆ విషయంలో దాన్ని తప్పు పట్టలేను. కానీ అది డ్రై క్లచ్ రకం, అంటే క్లచ్‌ని చల్లబరచడానికి చుట్టూ ఆయిల్ ఉండదు. బంపర్ టు బంపర్ పాకేటప్పుడు లోపల క్లచ్ సగం పట్టీ సగం వదిలీ అరుగుతూ వేడెక్కుతుంది, మాన్యువల్ బండిని ఎత్తు మీద హాఫ్ క్లచ్‌తో ఆపితే ఏమవుతుందో అదే. ఒక ఎండాకాలం సాయంత్రం బయో డైవర్సిటీ దగ్గర మీటర్‌లో గేర్‌బాక్స్ వేడెక్కింది బండి ఆపు అని మెసేజ్ వచ్చింది, పక్కకి తీసి హజార్డ్ లైట్లు వేసుకుని నిలబడ్డా, వెనక క్యాబ్ వాళ్ల హారన్లు సరే, మా ఆవిడ ముందు పోయిన పరువు ఇంకా తిరిగి రాలేదు. ఆ తర్వాత గేర్లు మార్పించే కంట్రోల్ భాగం, మెకట్రానిక్ యూనిట్ అంటారు, అది మార్చాలన్నారు, బిల్లు సంగతి వదిలేద్దాం. అప్పట్నుంచి ట్రాఫిక్ కనపడితే నా కన్ను రోడ్డు మీద కంటే మీటర్ మీదే ఎక్కువ ఉండేది.

అందుకే 330ఐ కొన్నాక వచ్చిన మొదటి సంక్రాంతి ప్రయాణం నాకు బాగా గుర్తుండిపోయింది. భోగికి ముందు హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు బయల్దేరితే ఏమవుతుందో తెలుసుగా, హయత్‌నగర్ దాటేదాకానే ప్రాణం పోతుంది, ఆ తర్వాత చౌటుప్పల్, పంతంగి టోల్ ముందు సగం హైదరాబాద్ అక్కడే ఉంటుంది. ఫాస్టాగ్ వచ్చాక కూడా ఆ రోజు మాత్రం అంతే. మేం సాయంత్రం పూట ఆ లైన్లో ఇరుక్కున్నాం, వెనక అత్తయ్యగారు, పిల్లలు, మధ్యలో అరిసెల డబ్బా. నేను అలవాటు ప్రకారం మీటర్ వైపు చూస్తూ ఇప్పుడొస్తుంది మెసేజ్, ఇప్పుడొస్తుంది అనుకుంటున్నా. రాలేదు. రాకపోవడం ఒకెత్తు, అది కదిలే పద్ధతి ఇంకోఎత్తు. బ్రేక్ మీద కాలు కొంచెం వదిలితే బండి తనంతట తను జరుగుతుంది, ముందు కారు ఆగితే బ్రేక్ కొంచెం నొక్కితే ఆగుతుంది, ఈ రెండింటి మధ్యలో ఎక్కడా టక్ మనడం గానీ ముందుకి ఒక తోపు గానీ లేదు. మొదటి గేర్ నుంచి రెండుకి, మళ్లీ ఒకటికి, ఎన్నిసార్లు మారిందో దేవుడికే తెలియాలి. అత్తయ్యగారికి అసలు కార్లో కూర్చుంటేనే కడుపులో తిప్పుతుంది, పాత బండిలో అయితే ప్రతి ట్రాఫిక్ జామ్‌కీ కవర్ చేత్తో పట్టుకునే కూర్చునేవారు. ఆవిడ ఆ లైన్లో నిద్రపోయారు! మధ్యలో ఒకసారి కళ్లు తెరిచి "ఏంటి అల్లుడుగారూ, ఇంకా ఆగే ఉన్నామా" అన్నారు, అప్పటికి మేం కదులుతూనే ఉన్నాం.

టోల్ దాటి నకిరేకల్ వైపు రోడ్డు ఖాళీ అయ్యాక అసలు విషయం ఇంకోటి తెలిసింది. జామ్‌లో యావరేజ్ ఆరు చిల్లరకి పడిపోయింది, ఇక ఈ ట్రిప్ మైలేజ్ గోవిందా అనుకున్నా. సూర్యాపేట, కోదాడ దాటి నందిగామ వచ్చేసరికి పదమూడు పైకి వచ్చి కూర్చుంది. పెట్రోల్ బండి, అయిదుగురం మనుషులం, డిక్కీ నిండా సామాను. కంప్యూటర్ చెప్పేది నేను పూర్తిగా నమ్మను, ఫుల్ ట్యాంక్ టు ఫుల్ ట్యాంక్ కొట్టించి చూస్తే ఎప్పుడూ కొంచెం తక్కువే వస్తుంది, అయినా సరే.

ఇదెలా అని అప్పట్నుంచి కాస్త చదివా. ఈ గేర్‌బాక్స్ జర్మనీలో జడ్ఎఫ్ అనే కంపెనీది, 8హెచ్‌పీ అంటారు (ఇక్కడ హెచ్‌పీ అంటే హార్స్‌పవర్ కాదు, మోడల్ పేరు, 8 అంటే ఎనిమిది గేర్లు), మొదట 2009లో 7 సిరీస్ 760ఎల్ఐలో వచ్చింది. బీఎండబ్ల్యూకే కాదు, జాగ్వార్ ఎక్స్ఈకీ ఆల్ఫా రోమియో జూలియాకీ కూడా ఇదే ఫ్యామిలీ. మన హైదరాబాద్‌లో జడ్ఎఫ్ వాళ్ల టెక్ సెంటర్ ఉంది, మా అపార్ట్‌మెంట్‌లోనే ఒకాయన అక్కడ చేస్తాడు, గేర్‌బాక్స్ డౌట్ అడిగితే నేను చేసేది పేరోల్ సాఫ్ట్‌వేర్ అండీ అన్నాడు. సరే, విషయానికొస్తే ఇది టార్క్ కన్వర్టర్ రకం. ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య ఆయిల్ ఉంటుంది, పాకేటప్పుడు ఆ జారుడంతా ఆయిల్‌లోనే కాబట్టి అరిగిపోయేది ఏమీ లేదు, కుదుపూ రాదు. పాతకాలం ఆటోమేటిక్‌లు పెట్రోల్ తాగేది కూడా ఈ ఆయిల్ జారుడు వల్లే, రోడ్డు మీద వెళ్తున్నా జారుతూనే ఉండేవి. దీంట్లో బండి కదిలిన కాసేపటికే లాకప్ క్లచ్ పట్టేసి ఇంజిన్‌ని నేరుగా కలిపేస్తుంది. ఇంకోటి, లోపల నాలుగు గేర్ సెట్లు, క్లచ్‌లూ బ్రేకులూ కలిపి అయిదు, ఏ గేర్‌లో ఉన్నా వాటిలో మూడు పట్టుకునే ఉంటాయి, రెండు మాత్రమే వదిలేసి ఉంటాయి, అంటే లోపల ఊరికే ఒరుసుకుంటూ తిరిగేవి తక్కువ. ఆరో గేర్ సరిగ్గా ఒకటికి ఒకటి, ఏడు ఎనిమిది ఓవర్‌డ్రైవ్, అంటే ఇంజిన్ కంటే గేర్‌బాక్స్ నుంచి బయటికొచ్చే షాఫ్టే ఎక్కువ తిరుగుతుంది. ఓఆర్ఆర్ మీద వందలో వెళ్తుంటే ఎనిమిదో గేర్‌లో ఆర్‌పీఎం 1500 దగ్గరే ఉంటుంది, ఇంజిన్ ఉందా అన్నట్టుంటుంది.

ఓవర్‌టేక్ చెప్పకపోతే ఎలా. కోదాడ దగ్గర లారీ వెనక ఎనభైలో నిద్రపోతున్నట్టు వెళ్తుంటాం, రైట్ ఖాళీ దొరికింది, గట్టిగా తొక్కితే ఎనిమిది నుంచి ఒక్కో మెట్టూ దిగదు, కావాల్సిన గేర్‌కి నేరుగా దూకుతుంది. ఎనిమిది నుంచి రెండుకి కూడా ఒకే దూకుడులో వెళ్లేలా చేశామని జడ్ఎఫ్ వాళ్లే చెప్తారు, నేను అంత కిందికి ఎప్పుడూ తెప్పించలేదు. సగం తొక్కితే రెండు మూడు గేర్లు దిగుతుంది, కొంచెం తొక్కితే గేర్ మార్చకుండా టర్బోతోనే లాగించేస్తుంది, అంటే నా కాలికి ఏం కావాలో దానికి అర్థమవుతుంది. పాత డీసీటీలో ఇక్కడే చిరాకు. అది పై గేర్ వేస్తాననుకుని రెడీ చేసుకుని ఉంటుంది, మనం కిందిది అడుగుతాం, అప్పుడు ఒక క్షణం ఆలోచిస్తుంది. లారీ పక్కన ఉన్నప్పుడు ఆ క్షణం చాలా పొడుగు.

ఇక మైలేజ్. ఏఆర్ఏఐ, అంటే మన దగ్గర అధికారికంగా టెస్ట్ చేసే సంస్థ, దాని లెక్క లీటర్‌కి 16.13 కిలోమీటర్లు. హైవే మీద తొంభై వంద మధ్య బుద్ధిగా వెళ్తే పదిహేను దాకా వస్తుంది, ఇకో ప్రో మోడ్‌లో ఇంకొంచెం. ఆ మోడ్‌లో యాక్సిలరేటర్ వదిలేస్తే గేర్‌బాక్స్ ఇంజిన్‌ని విడదీసేస్తుంది, వందలో వెళ్తున్నా ఆర్‌పీఎం ఐడిలింగ్‌కి పడిపోతుంది, బండి అలా జారుకుంటూ పోతుంది. పల్లం రోడ్లలో భలే పనికొస్తుంది, అయితే ఘాట్ దిగేటప్పుడు మాత్రం నేను ఆ మోడ్ వాడను, మన్ననూరు నుంచి శ్రీశైలం వైపు ఆ వంపుల్లో నాకు ఇంజిన్ బ్రేకింగ్ కావాలి. ఓఆర్ఆర్ మీద లిమిట్ 120 చేశాక ఆ స్పీడ్‌లో వెళ్తే పదమూడు దాటడం కష్టం. సిటీలో అయితే దయచేసి అడక్కండి, ఏడు ఎనిమిది. గేర్‌బాక్స్ ఎంత మంచిదైనా ఐకియా సిగ్నల్ దగ్గర నిలబడి ఉన్న ఇంజిన్‌కి మైలేజ్ ఇవ్వలేదు. ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపినది) వచ్చాక ఇంకో అర తగ్గినట్టుంది నాకు, ఇథనాల్‌లో లీటర్‌కి ఎనర్జీ పెట్రోల్ కంటే మూడోవంతు తక్కువ కాబట్టి తగ్గకుండా ఎలా ఉంటుంది.

మా బావ దగ్గర మెర్సిడెస్ సీ220డీ ఉంది, 2022లో వచ్చిన కొత్త మోడల్. పండక్కి వెళ్తే తాళాలు మార్చుకోవడం మాకు అలవాటు, కాబట్టి అది కూడా బాగానే నడిపా. దాంట్లో 9జీ-ట్రానిక్, తొమ్మిది గేర్లు, మొదటి గేర్ రేషియో 5.35, తొమ్మిదోది 0.60, అంత పొడుగు రేంజ్ కాబట్టి డీజిల్ ఇంజిన్ హైవే మీద అసలు శ్రమ పడదు. ఇరవై దాకా ఇస్తుంది అదే రోడ్డు మీద, పేపర్ మీద 23. ట్రాఫిక్ లైట్ దగ్గర ఇంజిన్ ఆగి మళ్లీ స్టార్ట్ అవడం అయితే 48 వోల్ట్ స్టార్టర్ జనరేటర్ వల్ల నా బండి కంటే చాలా నున్నగా ఉంది, నా దాంట్లో ఎక్కగానే ఆ స్టార్ట్ స్టాప్ బటన్ ఆఫ్ నొక్కేస్తా. కానీ స్టీరింగ్ వెనక గేర్ మార్చుకునే ప్యాడిల్ నొక్కితే మెర్సిడెస్ "సరే చూద్దాం" అంటుంది, ఇది "వేసేశా" అంటుంది. బావ ఒప్పుకోడు, నీకు ప్యాడిల్ పిచ్చి అంటాడు, కావచ్చు.

ఫ్రెండ్ ఒకడికి ఆడీ ఏ4, 190 హెచ్‌పీ, ఏడు స్పీడ్ ఎస్ ట్రానిక్. ఇందాక డీసీటీని చెడామడా తిట్టాను గానీ ఇది ఆ రకం కాదు, ఇది వెట్ క్లచ్, ఆయిల్‌లో మునిగి ఉంటుంది, వేడి తట్టుకుంటుంది. వాడు రోజూ మియాపూర్ నుంచి మాదాపూర్ వెళ్లొస్తాడు, ఒక్క కంప్లైంట్ లేదు. నడిపినప్పుడు మూడు నుంచి పైకి షిఫ్ట్‌లు నా బండి కంటే ఇంకా చురుగ్గా అనిపించాయి నిజం చెప్పాలంటే. ఒకటి రెండు మధ్య పాకేటప్పుడు మాత్రం చిన్న తడబాటు కాలికి తెలుస్తుంది, పాత బండి భయం ఉన్నవాడిని కాబట్టి నాకే తెలుస్తుందేమో. 0 నుంచి 100కి 7.3 సెకన్లు, ఫ్రంట్ వీల్ డ్రైవ్, పేపర్ మీద మైలేజ్ 17.42. ఘాట్ రోడ్లూ ఓవర్‌టేక్‌లూ మీకు పెద్ద లెక్క కాకపోతే ఏ4 చాలు.

మెత్తగా అని ఇన్నిసార్లు అన్నాను కదా, అది కంఫర్ట్ మోడ్ మాట. స్పోర్ట్‌లో పెడితే గేర్లు పట్టుకుని కూర్చుంటుంది, దిగేటప్పుడు కాస్త గట్టిగా దిగుతుంది, నాకది సరదా, అత్తయ్యగారు ఉన్నప్పుడు కాదు. పొద్దున్నే సెల్లార్‌లోంచి తీసినప్పుడు ఇంజిన్ వేడెక్కేదాకా పై గేర్లు ఆలస్యంగా వేస్తుంది, మొదటి కిలోమీటర్ చూసి ఏ బండినీ అంచనా వేయొద్దు. ఇంకో ముఖ్యమైనది, సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు వినండి: మామూలు సర్వీస్ లిస్టులో గేర్‌బాక్స్ ఆయిల్ మార్చడం అనేది మీకు కనపడదు, లైఫ్‌టైమ్ అంటారు. గేర్‌బాక్స్ చేసిన జడ్ఎఫ్ వాళ్లేమో 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్యలో, లేదా 8 ఏళ్లకి మార్చమంటారు. ఎవరి లైఫ్‌టైమ్ అన్నదే ప్రశ్న. నేను ఏ ఇబ్బందీ లేకుండానే ముందే మార్పించా. కింద ప్లాస్టిక్ ప్యాన్‌లోనే ఫిల్టర్ కలిసి ఉంటుంది, మొత్తం మార్చాల్సిందే, ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఆయిల్ టెంపరేచర్ చూసుకుంటూ లెవెల్ పెట్టాలి, ఇది తెలిసిన మెకానిక్ దగ్గరికే వెళ్లండి. యాభై వేల పైన అయింది. కొనేటప్పుడు బేరంలో ఇది కూడా కలుపుకోండి.

మరి తీసుకోవచ్చా అంటే, నా సంగతి చెప్తా, మీ సంగతి మీరు చూసుకోండి. నాకు నెలకో రెండు నెలలకో హైవే పడుతుంది, పాత బండితో దెబ్బ తిన్నవాడిని, వెనక సీటు కొంచెం కిందికి ఉన్నా మా నాన్నగారు ఎలాగో సర్దుకుంటున్నారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు రోజూ ఎక్కి దిగాల్సి ఉంటే నేను కూడా వెనకాడేవాడినేమో. రోజూ సిటీలోనే తిరిగేవాళ్లకి ఈ పెట్రోల్ ఖర్చు నచ్చదు, ఇదే గేర్‌బాక్స్‌తో 320డీ దొరికితే అది చూడండి, 0 నుంచి 100కి ఒక సెకను ఎక్కువ పడుతుంది, మైలేజ్ మాత్రం బాగా ఎక్కువ. ఎం340ఐ గురించి అడగొద్దు, 387 హెచ్‌పీ, 4.4 సెకన్లు, గేర్‌బాక్స్ ఇదే ఫ్యామిలీ, ఒక్కసారి నడిపి తాళాలు వెంటనే ఇచ్చేశా, ఇంకాసేపు ఉంటే ఈఎంఐ లెక్కలు మొదలయ్యేవి. ఏది చూసినా టెస్ట్ డ్రైవ్ మాత్రం ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద చేయకండి, షోరూమ్ వాళ్లు అదే ఇవ్వబోతారు. సాయంత్రం ఆరింటికి వెళ్లి గచ్చిబౌలి వైపు తీసుకెళ్తానని చెప్పండి, ఒప్పుకోకపోతే ఇంకో షోరూమ్ చూసుకోండి.