ఏడు చలికాలాలు, 92,000 మైళ్లు: సివిక్ ఎస్‌ఐలో ఎల్‌ఎస్‌డీ

2018 నుంచి హోండా సివిక్ ఎస్‌ఐ నడుపుతున్నాను. డెట్రాయిట్ పక్కనే ఇల్లు, అంటే ఏటా మంచు తప్పదు. అంతకుముందు మామూలు డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే గేర్ల అమరిక) ఉన్న చిన్న కారు ఉండేది. అదీ ఫ్రంట్ వీల్ డ్రైవే, దాదాపు ఇంతే బరువు. కారు మారాక నాకు బాగా తెలిసిన తేడా 205 హార్స్‌పవర్ ఇంజిన్ కాదు, ముందు చక్రాల మధ్యనున్న లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఎల్‌ఎస్‌డీ). 2006 మోడల్ నుంచీ ఎస్‌ఐకి ఇది ఉంటోంది.

మలుపులో బయటి చక్రం లోపలిదానికంటే ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి డిఫరెన్షియల్ కావాలి. మామూలుదానితో చిక్కేమిటంటే, అది రెండు చక్రాలకీ టార్క్, అంటే తిప్పే బలం, సమానంగా పంచుతుంది. ఒకదానికి పట్టు తప్పిందంటే రెండోదానికీ ఆ కొంచెమే దక్కుతుంది. ఊళ్లో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్ చక్రం ఒకటి గిర్రున తిరిగి దిగబడిపోతే నాన్న మడమతో లాక్ పెడల్ తొక్కేవాడు. రెండు చక్రాలూ ఒకటై బండి బయటపడేది. కానీ లాక్ వేసి మలుపు తిప్పితే బండి మొండికేస్తుంది. ఎల్‌ఎస్‌డీ ఈ రెండింటికీ మధ్యది. ఎస్‌ఐలో ఉన్నది హెలికల్ రకం: లోడ్ పడగానే ఏటవాలు పళ్ల గేర్లు తమ చుట్టూ ఉన్న పెట్టె గోడలకు ఒత్తుకుంటాయి, ఆ రాపిడితోనే పట్టున్న చక్రానికి బలం ఎక్కువ వెళ్తుంది.

నేను రోజూ హైవే ఎక్కేది చుట్టూ తిరిగే ర్యాంపు మీదుగా. పాత కారులో వానరోజు అక్కడ రెండో గేర్‌లో గట్టిగా తొక్కితే బరువంతా బయటి వైపు వాలి, తేలికపడ్డ లోపలి చక్రం కీచుమని జారేది. కారు వెడల్పుగా బయటికి పోయేది. కాలు తీయడం తప్ప దారి లేదు. ఎస్‌ఐలో అదే చోట తొక్కేకొద్దీ కారు ముందు భాగం మలుపు లోపలికి వస్తుంది. బయటి చక్రం ఎక్కువ లాగితే జరిగేది అదే. మొదటి నెలంతా నాకు నమ్మకం కుదరలేదు. అలవాటు కొద్దీ స్టీరింగ్ ఇంకా తిప్పబోయేవాణ్ణి, తీరా చూస్తే కాస్త వదలాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ ర్యాంపంటే నాకెంతో ఇష్టం.

దీనికి మూల్యం స్టీరింగ్‌లో తెలుస్తుంది. గతుకుల రోడ్డు మీద రెండో గేర్‌లో పూర్తిగా తొక్కితే స్టీరింగ్ ఓ పక్కకి గుంజుతుంది. "చేతిలోంచి లాక్కుంటోంది" అంటుంది మా ఆవిడ. ముందు చక్రాలకి ఎల్‌ఎస్‌డీ పెడితే ఇది సహజం. రెండు చేతులూ స్టీరింగ్ మీదుంటే చాలు.

మంచు సంగతి మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని మంచు కోసమే కొనాలనుకుంటారు. 2019 జనవరి చివర్లో, ఆ భయంకరమైన చలి వారంలో, మా ఇంటి ముందు ఎడమ చక్రం గాజులాంటి ఐసు మీద, కుడి చక్రం గీకి శుభ్రం చేసిన కాంక్రీటు మీద ఉన్నాయి. ఎడమది తిరుగుతోంది, కారు కదలదు. హెలికల్ రకం పట్టులేని చక్రం మోయగలిగినదానికి కొన్ని రెట్లు రెండోదానికి ఇస్తుంది. మోసేది సున్నా అయితే ఎన్ని రెట్లయినా సున్నానే. చక్రం జారితే తనంతట తానే అదుపు చేసే ట్రాక్షన్ కంట్రోల్‌ని ఎవరో చెప్పారని నేనే ఆపేసి ఉన్నాను. మళ్లీ వేశాను. అది తిరుగుతున్న చక్రానికి బ్రేకు పట్టింది, ఆ కాస్త భారం దొరకగానే కుడి చక్రానికి బలం చేరి కారు మెల్లగా బయటికొచ్చింది. రెండు చక్రాలూ ఐసు మీదుంటే అదీ పనిచేయదు. బ్రేకు వేసి ఆగడానికి ఎల్‌ఎస్‌డీ చేసే సాయమేమీ లేదు. ఆ డబ్బులు ముందు వింటర్ టైర్లకి పెట్టండి. నేను నవంబర్‌లో మార్చేస్తాను.

నిర్వహణ దాదాపు లేదు. డిఫరెన్షియల్ గేర్‌బాక్సులోనే ఉంది కాబట్టి రెండింటికీ ఒకటే ఆయిల్. కొన్ని రకాల ఎల్‌ఎస్‌డీల్లో ఉండే క్లచ్ ప్లేట్లు ఇందులో లేవు కాబట్టి అవి అరగడం, వాటికోసం ప్రత్యేకమైన ఆయిల్ వాడటం లేవు. 30,000 మైళ్లకోసారి ఆయిల్ మారుస్తున్నాను. ఇంతవరకు చప్పుడు లేదు. మూడో ఏడు ముందు టైరుకి మేకు దిగితే ఒక్కటే కొత్తది వేస్తామన్నారు షాపులో. నేను రెండూ మార్పించాను. ఒకటి కొత్తది, ఒకటి అరిగినదైతే నేరుగా వెళ్తున్నా రెండు చక్రాల వేగం ఒకటి కాదు, ఆ తేడా మైలు మైలుకీ ఆ గేర్లే భరించాలి.