చానియాలో 70 యూరోల డ్యాన్సు, గలాటాస్‌లో ఊరికే విన్న పాట

గ్రీస్‌లోని క్రీట్ దీవిలో చానియాకు వెళ్లేవాళ్లకు ముందే చెబుతున్నా. పాత హార్బర్ ఒడ్డున "లైవ్ జోర్బా డ్యాన్స్" బోర్డు కనిపిస్తే ఫొటో తీసుకుని ముందుకు నడవండి. మేం కూర్చున్నాం. సలాడ్, రెండు పాస్తాలు 39 యూరోలు. నీళ్ల సీసా 3. అడక్కుండానే తెచ్చిపెట్టిన బ్రెడ్డుకి, నాలుగు ఆలివ్ కాయలకి 8. ఇక మ్యూజిక్ పేరుతో మనిషికి పదేసి చొప్పున 20. మొత్తం 70! ఇంతా చేసి ఆ మ్యూజిక్ ఏమిటంటే, స్పీకర్లో పాట పెట్టి ఇద్దరు వెయిటర్లు భుజాల మీద చేతులేసుకుని గెంతడం. చార్జీ సంగతి ఎక్కడ రాశారని అడిగితే మెనూ చివరి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాలు చూపించాడు. పైగా ఇది వేల ఏళ్ల నాటి నృత్యమట. హసాపికో అనే పాత డ్యాన్సులో మార్పులు చేసి, 1964లో "జోర్బా ద గ్రీక్" సినిమా కోసం కట్టిన స్టెప్పులవి, బాణీ గ్రీకు సంగీతకారుడు మికిస్ థియోడొరాకిస్‌ది. మా ఆయన కార్డు గీకేసి, రూముకి చేరేదాకా నోరు విప్పలేదు.

మర్నాడు బస్సెక్కి గలాటాస్ వెళ్లాం. సిటీకి పడమర, దగ్గరే. థియోడొరాకిస్ తండ్రిగారి ఊరు. థియోడొరాకిస్ 2021 సెప్టెంబరులో ఏథెన్స్‌లో పోతే, కోరుకున్నట్టే ఇక్కడికి తెచ్చి ఖననం చేశారు. సమాధి దగ్గర మమ్మల్ని పైసా అడిగినవాళ్లు లేరు.

అసలు సంగతి కాఫీ కొట్లో. డాకోస్ చెప్పాం: గట్టి బార్లీ రొట్టె మీద తురిమిన టమాటా, మిజిథ్రా చీజ్, ధారాళంగా ఆలివ్ నూనె. పైన రసం పీల్చి మెత్తబడినా అడుగు కరకరలాడుతోంది. శాకాహారులకు దిగుల్లేదు. రెండు డాకోస్‌లు, రెండు కాఫీలు కలిపి 18 యూరోలు. మేం సమాధి చూడ్డానికొచ్చామని తెలిసి కొట్టు పెద్దావిడ "ఎపిటాఫియోస్" పాట పెట్టింది. 1936లో థెస్సలొనీకి సమ్మెలో కాల్పులకు బలైన కొడుకు కోసం తల్లి ఏడుపు అది. కవిత గ్రీకు కవి రిట్సోస్‌ది. సారా కొట్ల వాద్యమని పెద్దింటివాళ్లు చిన్నచూపు చూసిన బుజుకీ అనే తీగల వాద్యాన్ని థియోడొరాకిస్ ఆ పాటల్లో వాడాడు. 1967లో గ్రీస్‌లో సైన్యం గద్దెనెక్కాక ఆయన పాట మోగిస్తే సైనిక కోర్టే. ఆయన్ని జైల్లో పెట్టారు, తర్వాత భార్యాపిల్లలతో జాటూనా అనే కొండ పల్లెకు పంపేశారు. కొట్టు పెద్దావిడ పాటతో పాటే పెదాలు కదుపుతోంది. మా ఆయన ఫోన్ పక్కన పెట్టి విన్నారు, పెళ్లయ్యాక అది చూడ్డం అరుదు.

సినిమాలో ఆఖరి డ్యాన్సు తీసిన స్టావ్రోస్ బీచ్ కూడా చూశాం. నీళ్లు బాగున్నాయి, అంతే. టైముంటేనే వెళ్లండి. గలాటాస్‌లో మాత్రం దిగగానే తిరుగు బస్సు టైములు ఫొటో తీసుకోండి, మేం ఎండలో నలభై నిమిషాలు నిలబడ్డాం.