ఎంఈఏ చిప్‌కి పూత: పీఈఐ మేలా, పీడీఎల్ మేలా?

మల్టీ ఎలక్ట్రోడ్ అర్రే (ఎంఈఏ, అంటే కణాల విద్యుత్ సంకేతాలను చిన్న చిన్న ఎలక్ట్రోడ్లతో రికార్డు చేసే చిప్) మీద న్యూరాన్లు (నాడీ కణాలు) పెంచేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది: చిప్‌కి పాలీఇథిలీన్‌ఇమీన్ (పీఈఐ) పూయాలా, పాలీ-డి-లైసిన్ (పీడీఎల్) సరిపోతుందా? రెండూ చేసేది ఒకే పని. చిప్ ఉపరితలానికి ధనావేశం ఇచ్చి కణాలు అంటుకునేలా చేస్తాయి. మొదటి రోజు తేడా ఏమీ కనపడదు. రెండో మూడో వారంలో బయటపడుతుంది.

అప్పటికి ఆక్సాన్లు (న్యూరాన్ల పొడవాటి తీగలు) అల్లుకుని ఒకదాన్నొకటి లాగుతుంటాయి. పట్టు చాలకపోతే న్యూరాన్లు ఉండలు కడతాయి, ఆక్సాన్లు తాళ్లలా పేనుకుంటాయి, నడుమ ఎలక్ట్రోడ్లు ఖాళీ అవుతాయి. కణం బతికే ఉంటుంది, స్పైకులూ (న్యూరాన్ విద్యుత్ సంకేతాలు) వస్తూనే ఉంటాయి. కానీ ఎలక్ట్రోడ్ నుంచి కొన్ని పదుల మైక్రాన్లు జరిగితే చాలు, సిగ్నల్ నాయిజ్‌లో కలిసిపోతుంది. మామూలు డిష్‌లో కణం ఎక్కడున్నా నడుస్తుంది, ఇక్కడ నడవదు. అందుకే పూత ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది పట్టే అంటాను.

పట్టులో పీఈఐదే పైచేయి: కొమ్మలు కొమ్మలుగా ఉండే అణువు, ఆవేశం దట్టం. నెల దాటే రికార్డింగులకు, ముఖ్యంగా తేలిగ్గా ఉండ కట్టే ఐపీఎస్ న్యూరాన్లకు (మామూలు కణాలను మూలకణాలుగా మార్చి, వాటి నుంచి తయారుచేసినవి), అదే వాడండి. చిక్కల్లా, కడగ్గా మిగిలిపోయిన పీఈఐ కణాలకు విషం. బోరేట్ బఫర్‌లో (పీహెచ్ 8.4) 0.1 శాతం ద్రావణం, 37 డిగ్రీల్లో గంట. తర్వాత స్టెరైల్ నీళ్లతో నాలుగుసార్లు కడిగి, హుడ్‌లో (శుభ్రమైన గాలి ఆడే పెట్టెలో) రాత్రంతా ఆరనివ్వాలి. తొందరపడి కడుగుళ్లు తగ్గిస్తే, చక్కగా అంటుకున్న కణాలే కొద్ది రోజుల్లో చచ్చి రాలిపోతాయి. నింద మాత్రం మీడియం (కణాలకు పోసే పోషక ద్రవం) మీద పడుతుంది, పాపం.

పీడీఎల్ ఇంత పేచీ పెట్టదు. మిల్లీలీటరుకు 50 నుంచి 100 మైక్రోగ్రాములు, గంట నుంచి ఒక రాత్రి వరకు, మూడు కడుగుళ్లు. రెండు మూడు వారాల్లో ముగిసే ఎలుక కార్టెక్స్ కల్చర్‌కి ధారాళంగా చాలు. దాని జంట రూపం పాలీ-ఎల్-లైసిన్‌ని కణాల ప్రోటియేజులు (ప్రోటీన్లను కోసే ఎంజైములు) కొరికేస్తాయి, దాని జోలికి పోనక్కర్లేదు. న్యూరాన్లు కాక గుండె కండర కణాలైతే ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీన్ పూయాలి.

న్యూరాన్లకు పీఈఐ, పీడీఎల్‌లలో ఏది పూసినా పైన లామినిన్ (కణాలు పట్టుకునే ప్రోటీన్) తప్పదు: మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాములు, 37 డిగ్రీల్లో గంట. ఫ్రీజర్‌లోంచి తీసిన లామినిన్‌ని 4 డిగ్రీల్లో నెమ్మదిగా కరిగించండి, లేకపోతే జెల్ కడుతుంది. లామినిన్ పూసాక మాత్రం ఆరనివ్వొద్దు. పీఈఐ అయినా పీడీఎల్ అయినా, మొదటి పూతకు ముందు చిప్ మీద ఒక నీటిచుక్క వేసి చూడండి. పరుచుకోకుండా ముత్యంలా నిలబడితే చిప్ నీటిని తోస్తున్నట్టే. ఒకటి రెండు నిమిషాలు ప్లాస్మా (రక్తంలోది కాదు, ఉపరితలాన్ని నీటికి అనువుగా మార్చే విద్యుదావేశ వాయువు) ఇవ్వకుండా ఏ పూతా సమంగా పట్టదు.

ఇక కణాలు వేయడం. 60 ఎలక్ట్రోడ్ల చిప్‌లో (ఎలక్ట్రోడ్ల మధ్య దూరం 200 మైక్రాన్లు) రికార్డింగ్ జాగా వెడల్పు 1.4 మిల్లీమీటర్లే. 10 మైక్రోలీటర్ల చుక్కలో 50 వేల నుంచి లక్ష కణాలు, సరిగ్గా మధ్యలో. పిపెట్ మొన ఎలక్ట్రోడ్లకు తగలకూడదు. చుక్క ఎండకుండా పెట్రీ డిష్‌లో తడి టిష్యూ పెట్టండి. గంటయ్యాక మీడియం చిప్ చుట్టూ ఉండే గోడ వెంబడి, మెల్లగా పోయాలి. ధారగా పోస్తే అప్పుడే అంటుకున్న కణాలు పీఈఐ మీదైనా లేచిపోతాయి.